గీత మీద మొలిచిన బూజు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి సంగతి మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. తప్పు చేసినవాళ్ళని తిట్టాను, చెయ్యనివాళ్ళని కూడా అప్పుడప్పుడు తిట్టాను, దానికి పెద్దగా బాధపడిందీ లేదు. కానీ ఒక మనిషిని "నీకెందుకమ్మా, నీ పని నువ్వు చూసుకో" అన్నందుకు మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను. ఆవిడ అప్పుడు చూసుకుంటున్నది తన పనే. ఆ పని వల్లే మా ఆయన ఈ రోజు పక్కగదిలో కూర్చుని, నేను రాస్తున్న కాగితాలు ఎప్పుడు పూర్తవుతాయా, ఎప్పుడు అట్ట వేసేద్దామా అని చూస్తున్నారు.

ఆవిడ పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అందరూ బూజక్క అంటారు. మొదట వెటకారానికి పెట్టిన పేరే. వాళ్ళ పెద్దసారు పెట్టాడట. ఇప్పుడు పై డాక్టర్లు కూడా ఫోను చేసి "బూజక్క ఉందా?" అనే అడుగుతారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదని ఆవిడే నవ్వుతుంది. వచ్చే నెల రిటైరవుతోంది. ఆ రోజు నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు గానీ, వాళ్ళకి తెలియని సంగతి నాకు తెలుసు. అందుకే పెన్ను పట్టుకున్నాను.

పంతొమ్మిదో ఏట సీసాలు కడిగే పనికి చేరింది బూజక్క. "గాజు సామాను కడగడమంటే ఇంట్లో గిన్నెలు తోమడం కాదు చెల్లీ. ఇక్కడ వదిలేసిన మరక రేపు ఎవరికో రోగం పేరైపోతుంది" అంటుంది. అలా ఆరేళ్ళు కడిగింది. కడగబోయే ముందు, క్రిములు పెంచే ప్రతి ప్లేటూ ఎత్తి, కిటికీ వెలుతురులో తిప్పి చూసేది. ఎవరూ చూడమనలేదు. చూడొద్దని కూడా అనలేదు. చూసి చూసి, ఏ చుక్క ఏ రోగానిదో పేర్లు తెలియకుండానే గుర్తుపట్టడం వచ్చేసింది. ఆ ఆరేళ్ళలోనే సెలవు రోజుల్లో చదువుకుని, పరీక్ష రాసి, రెండోసారికి పాసయి, కడిగే తొట్టి దగ్గర్నుంచి మైక్రోస్కోపు బల్ల దగ్గరికి వచ్చింది. రెండింటికీ మధ్య దూరం పది అడుగులు. అది నడవడానికి నాకు ఆరేళ్ళు పట్టిందంటుంది.

ఆవిడ భర్త టైలరు. ఇంటి ముందుగదిలోనే మిషను. ఆయన నాకు చెప్పిన మాట ఇది: "మా ఇంట్లో రొట్టె పాడైతే నేను ఈవిడకి తెలియకుండా పారేస్తానమ్మా. కంటపడిందా, టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటుంది. నన్ను ఏ రోజైనా అంతసేపు చూసిందా?" బూజక్క అక్కడే ఉంది. "నువ్వూ బూజు పట్టు, చూస్తాను" అంది.

ఇక మా సంగతి. మాది బైండింగు షాపు. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీ పుస్తకాలు, పిల్లల పరీక్షల రికార్డులు, ఏవైనా సరే. కాగితాలు ఫారాలుగా మడత పెట్టడం, కుట్టడం నా పని. వెన్ను సరిచెయ్యడం, జిగురు, అట్ట, క్యాలికో గుడ్డ మా ఆయన పని. ఆయన పాత పుస్తకాన్ని కళ్ళతో చూడరు. ముక్కుతో చూస్తారు. పుస్తకం మధ్యకి తెరిచి, మొహానికి ఆనించి, గట్టిగా ఒక పీల్పు పీలుస్తారు. "ఇది తడిసి ఆరింది", "దీని జిగురు పులిసింది", "ఇది నిలుస్తుంది" అని అప్పుడు చెబుతారు. తర్వాత ఉఫ్ మని ఒక్క ఊదు ఊదితే దుమ్మంతా లేచి ఆయన మీదే పడుతుంది. మూతికి గుడ్డ కట్టుకోమని వెయ్యిసార్లు చెప్పాను. "ముక్కు మూసుకుని పుస్తకం ఎలా చూస్తారే?" అనేవారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆయనకు పన్నెండేళ్ళుగా లివరులో వైరస్ ఉంది, బి రకం. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, జీవితాంతం. వేసుకుంటున్నన్నాళ్ళూ రాయిలా ఉన్నారు. అదే కొంప ముంచింది. బాగున్న మనిషికి మందెందుకని, నాకు చెప్పకుండా మానేశారు. ఖాళీ డబ్బా మాత్రం అల్మారాలో ఎప్పటి చోటే ఉండేది. నేను దాన్ని చూసి వేసుకుంటున్నారనుకునేదాన్ని. ఎత్తి చూసిన పాపాన పోలేదు.

అయిదు నెలలు గడిచాయి. ఆ రోజుల్లోనే ఒక ఆఫీసు రికార్డు గదిలోకి వాననీళ్ళు వచ్చి, మూడొందల రిజిస్టర్లు తడిసిపోయి మా దగ్గరికి వచ్చాయి. ఆరబెట్టేసరికి పేజీలన్నీ బూడిదరంగు, ఆకుపచ్చ బూజు. ఆయన ఒక్కొక్కటే ముక్కుకి ఆనించి చూడటం, ఊదడం, బ్రష్షుతో దులపడం. నెల తిరక్కుండానే కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి, పొట్టలో నీరు చేరింది. పెద్దాసుపత్రిలో చేర్పించాను. డబ్బా సంగతి అప్పుడు బయటపడింది. వార్డని కూడా చూడకుండా అరిచాను. పక్క మంచం ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

వైరస్ మందు మళ్ళీ మొదలుపెట్టారు. కాస్త తేరుకుంటారనుకునేలోపు, గోరుచుట్టు మీద రోకలిపోటులా దగ్గు, జ్వరం. దగ్గితే మనిషి మంచం మీంచి అంత ఎత్తున లేచేవారు. న్యుమోనియా అన్నారు. ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఇంకోటి మార్చారు. ఊపిరికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. బాత్రూముకి నాలుగు అడుగులు నడిపించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. వార్డు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "లివర్ ఇప్పటికే సగం చేతులెత్తేసింది. దానిమీద ఈ ఇన్ఫెక్షన్ మందులకి లొంగట్లేదు. రెండు మూడు రోజుల్లో మార్పు రాకపోతే కష్టమమ్మా" అంది. నేను తల ఊపి, బయటికొచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన లేకపోతే నాకు ఎవర్ని తిట్టాలో కూడా తెలియదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అంత భయపడింది అదే.

ఆ మర్నాడు పొద్దున ఒక ఆవిడ వార్డులోకి వచ్చింది. నెరిసిన జుట్టు, రంగు మరకలున్న తెల్లకోటు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఊడ్చే మనిషేమో అనుకున్నాను. మంచానికి వేలాడుతున్న కేసు షీటు చదివి, నావైపు తిరిగింది.

"వ్యాపారం అని రాయించారు. ఏం వ్యాపారమమ్మా?"

రాయించింది మా ఆయనే. ఎవరు అడిగినా బైండరునని చెప్పరు, సొంత వ్యాపారమంటారు. మర్యాదగా ఉంటుందని ఆయన నమ్మకం.

నా ఒళ్ళు మండిపోయింది. "నీకెందుకమ్మా, నీ పని నువ్వు చూసుకో. ప్రాణం పోతుంటే మా వ్యాపారం ఆరాలు కావాలా?" అన్నాను.

ఆవిడ కదల్లేదు. కోపం తెచ్చుకోనూ లేదు. "పిండిమరా? కోళ్ళ షెడ్డా? పావురాలేమైనా పెంచుతారా?" అని వరసగా అడిగింది.

మా ఆయన కళ్ళు తెరిచారు. గొట్టం పక్కకి జరుపుకుని, "బైండింగు" అన్నారు. నిజం చెప్పే ఓపిక తప్ప ఇంకేం మిగల్లేదు పాపం.

"పాత పుస్తకాలా?"

"తడిసినవి."

"తడిసినవాటిని ఎలా చూస్తారు?"

ఆయన రెండు చేతులూ కలిపి, పుస్తకంలా తెరిచి, ముక్కుకి ఆనించుకుని చూపించారు. ఊదబోయి దగ్గులో పడ్డారు. ఆ దగ్గు తగ్గేదాకా ఆవిడ మంచం పట్టీ పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నా చేతిలో చిన్న డబ్బా పెట్టి, "నోరు నీళ్ళతో పుక్కిలించమని, లోపల్నుంచి దగ్గి ఇందులో ఇవ్వమను. ఉమ్మి కాదు, కఫం కావాలి" అని చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరని అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది.

ఆవిడ అక్కడికి ఎందుకొచ్చిందో తర్వాత ఆవిడే చెప్పింది, నేను ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాను. మా ఆయన కఫం అంతకుముందే ల్యాబుకి వెళ్ళింది. ల్యాబులో ప్లేటంటే గుండ్రటి, మూత ఉన్న పలచటి గిన్నె. అందులో గట్టిపడిన జావలాంటిది పోసి ఉంటుంది, అది క్రిములకి తిండి. కఫాన్ని సన్నటి తీగతో తీసి ఆ జావ మీద గీతలు గీస్తారు. వెచ్చటి పెట్టెలో పెడితే, కఫంలో ఏముందో అది ఆ గీతల మీద మొలుస్తుంది. రెండు రోజులు చూసి రాసేసి, ప్లేటు ఆవిరిలో ఉడికించి పారేస్తారు.

మా ఆయన ప్లేటు రెండో రోజున బూజక్క చేతికి వచ్చింది, పారెయ్యడానికి. రిపోర్టు అప్పటికే అయిపోయింది, అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. ప్లేటు మీద మాత్రం అక్కడక్కడా తెల్లటి నూగు. బూజు ప్లేటు మీద కనిపిస్తే ల్యాబులో ఎవరూ ఉలిక్కిపడరు. బూజు గాలిలో ఎప్పుడూ ఉంటుంది, మూత తీసినప్పుడు పడుతుంది, ప్లేటు పాడైందని పారేస్తారు. అది వాళ్ళ అలవాటు. బూజక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూసింది. నూగు మూడు చోట్ల ఉంది. మూడూ గీత మీదే ఉన్నాయి.

"నీకు రొట్టె మీద బూజులో కూడా రోగి కనిపిస్తాడు. పారెయ్" అన్నాడట పెద్దసారు.

"సార్, గాలిలోంచి పడేది గీత చూసుకుని పడుతుందా?"

"నేను రిపోర్టులో రాయను."

"రాయొద్దు సార్. నేను పారెయ్యను."

ఆ మాట అని, ప్లేటు మళ్ళీ పెట్టెలో పెట్టి, మెట్లు దిగి మా వార్డుకొచ్చి, నా చేత మాట పడింది. మా ఆయన ముక్కు దగ్గర చేతులు చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పింది. మామూలు మనిషి ఆ బూజు రోజూ పీలుస్తాడు, ఒళ్ళు దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది. లివర్ అంత దెబ్బతిన్న మనిషికి ఆ తుడిచే శక్తి ఉండదు. బూజు ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. యాంటీబయాటిక్ దాన్ని తాకను కూడా తాకదు.

ఆ డాక్టరమ్మకి కూడా నేను రుణపడి ఉన్నాను. ల్యాబులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని అడగలేదు. అదే రోజు స్కాన్ తీయించింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. రక్తంలో బూజు ఆనవాలు వెతికే పరీక్ష ఒకటుందట, అదీ చేయించింది, ఉందని వచ్చింది. "రెండో ప్లేటు కోసం మనం ఆగితే, ఈయన ఆగరు" అని ఆ సాయంత్రమే బూజు మందు మొదలుపెట్టింది. "ఈ మందు కూడా లివర్ మీదే భారం పెడుతుందమ్మా. తగ్గించి, రక్తంలో ఎంతుందో చూసుకుంటూ ఇస్తాను. గ్యారంటీ ఇవ్వలేను" అంది. మూడు రోజుల తర్వాత, బూజక్క ఇమ్మన్న రెండో కఫం ప్లేటు మీద కూడా అదే బూజు, మళ్ళీ గీత మీదే మొలిచింది. పెద్దసారు ఈసారి రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు.

అయిదో రోజుకి జ్వరం దిగింది. ఎనిమిదో రోజుకి ఆక్సిజన్ గొట్టం తీసేశారు. మందు వేసుకున్న అరగంటకి గోడలన్నీ మెరుస్తున్నాయనేవారు. ఆ మందుకి అలా ఉంటుందని డాక్టరమ్మ చెప్పేదాకా నేను ఇంకో గండం వచ్చిందని హడలిపోయాను. వైరస్ మాత్రతో లివర్ కూడా మెల్లగా కుదుటపడింది. పొట్టలో నీరు తగ్గింది. నెలన్నరకి ఇంటికొచ్చాం. బూజు మాత్రలు ఇంకా మూడు నెలలు వాడాలన్నారు. ఇప్పుడు ఏ మాత్రైనా నా ఎదురుగా మింగాలి, మింగాక నోరు తెరిచి చూపించాలి. "నేను దొంగనా?" అంటారు. అవునంటాను.

ఇంటికొచ్చిన వారానికి నారింజపళ్ళు ఒక సంచినిండా కొనుక్కుని ల్యాబుకి వెళ్ళాను. అది రెండో అంతస్తులో ఉంది. బూజక్క బల్ల మీద వంగి ఏదో రాసుకుంటోంది. ఆ రోజు నోరు జారినందుకు క్షమించమన్నాను. జీవితంలో ఆ మాట అన్నది చాలా తక్కువ. "వార్డుకి వెళ్తే అంతకంటే పెద్ద మాటలే పడతాయి, కూర్చో చెల్లీ" అంది. నేను సంచి ఆవిడ ముందు పెట్టాను. సంచిలోకి చూసి, దాన్ని మెల్లగా నావైపే జరిపేసింది.

"పళ్ళు మాత్రం వద్దు."

"ఎందుకక్కా, ఊరికే తెచ్చాను."

పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాగే ఒకాయన, ఇదే రకం లివర్ జబ్బు, ఇదే దగ్గు. ఆయన ప్లేటు కూడా పారెయ్యడానికి ఈవిడ చేతికే వచ్చింది. దాని మీద బూజు చూసింది. గీత మీద ఉందా, పక్కన ఉందా చూడలేదు. పారెయ్యడం అలవాటు, పారేసింది. ఆయన చనిపోయారు. చివరి రోజు తీసిన కఫం ప్లేటు మీద ఆయన పోయిన రెండో రోజుకి బూజు మొలిచింది. ఈసారి చూసింది. మొలకలన్నీ గీత మీదే ఉన్నాయి.

"ఆ తర్వాత వాళ్ళావిడ ఇక్కడికొచ్చింది చెల్లీ. నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. మీరంతా మా ఆయన కోసం చాలా కష్టపడ్డారమ్మా అని, తలా ఒక నారింజపండు చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ఏం చెప్పాలో తెలియక, ఆవిడ ఎదురుగా ఒలుచుకుని తిన్నాను. తియ్యగా ఉంది కూడా."

ముందు నాకు కోపమే వచ్చింది. దాచుకోను. ఆ ఆవిడ నేనే అయ్యుంటే, అనిపించింది. నేనూ అలాగే పళ్ళు పంచి, దణ్ణం పెట్టి, ఒంటరిగా ఇంటికి వెళ్ళి ఉండేదాన్ని. ఆ పారేసిన ప్లేటు లేకపోతే మా ఆయన ప్లేటు మీది బూజు గీత మీద ఉందో లేదో ఎవరూ చూసేవారు కాదు. మా ఆయన బతికింది ఆ మనిషి పోయినందువల్ల. ఇది ఎవరికి చెప్పుకోను, ఆ పోయినాయనకి ఎలా దణ్ణం పెట్టను? బూజక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆవిడే అంది: "ఆ తర్వాత ఇంకా నలుగురివి పట్టుకున్నాను. వాళ్ళు బతికారో లేదో నాకు చెప్పినవాళ్ళు లేరు. మా దగ్గరికి ప్లేటు వస్తుంది, నంబరు వస్తుంది, మనిషి రాడు. నాకు ఏమైనా ఇవ్వాలనుంటే, మీ ఆయన్ని ఒకసారి తీసుకురా. లిఫ్టులో కాదు. మెట్లెక్కి రావాలి."

అప్పటికి ఆయన ఇంట్లో గుమ్మం దాటితే ఆయాసపడుతున్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. మర్నాడు పొద్దున వీధి చివరిదాకా నడిచి వచ్చారు. ఆ తర్వాత రోజూ ఇంకొంచెం. ఎదురింటి మేడమెట్లు అడిగి మరీ ఎక్కి దిగేవారు. షాపులో మూతికి మాస్కు పెట్టుకోవడం కూడా మొదలైంది. పుస్తకాల వాసన తెలియట్లేదని సణుగుతారు గానీ, తియ్యరు. బూజు పట్టిన పని వస్తే వద్దని పంపించేస్తున్నాం.

బూజు మాత్రలు ఆపెయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజున, అట్నుంచి అటే ల్యాబు మెట్ల దగ్గరికి వెళ్ళాం. ముందే కబురు పెట్టాను. బూజక్క పైన రెండో అంతస్తులో, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, రెయిలింగు పక్కన నిలబడి ఉంది. మొదటి అంతస్తు దాకా ఆయన ఆగకుండా ఎక్కారు. మలుపు దగ్గర కాసేపు నిలబడ్డారు. పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నారు. నేను తిట్టబోయి ఊరుకున్నాను. మళ్ళీ ఎక్కారు. పైన ఆవిడ ఒక్కొక్క మెట్టూ చూస్తోంది. ఆయన దగ్గుతారేమోనని నేను చూస్తున్నాను. దగ్గలేదు.

చివరి మెట్టెక్కి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు. ఊపిరి బరువుగా తీసుకుంటున్నారు గానీ, లోపలిదాకా వెళ్ళి వస్తోంది. ఆవిడ ఆయన ఛాతీ వైపే చూస్తోంది. మా ఆయన రెండు చేతులూ జోడించి, "బతికించావక్కా" అన్నారు.

నేను చేసిందేముంది, నా పని నేను చేశాను, అంటుందనుకున్నాను. ఆవిడ కోటు చేత్తో కళ్ళు తుడుచుకుంది. జోడించిన ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"అవును తమ్ముడూ" అంది.